వదినె ముక్కు

మొన్న పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోయిన. పోయిన నెల జ్వరమొచ్చి తగ్గినకాడి నుంచి నా ముక్కుకు వాసన తెలుస్తలేదు. కోడలు ఉరికొచ్చి పొయ్యి ఆపింది. మాడు వాసనొస్తుందా బిడ్డా అంటె, "ఏం లేదత్తమ్మా, జర పొంగినయంతే" అని గిన్నె తీసుకొని పెరట్లకు పోయింది. దాని అడుగు నల్లగ బొగ్గయింది, నేను చూడనే చూసిన. కోపం రాలేదు గని, మా ఆడబిడ్డ యాదికొచ్చింది.

నేను కాపురానికొచ్చేటాళ్లకు మాయన మణుగూరు బొగ్గుబాయిల పనిచేస్తుండె. రెండర్రల క్వార్టర్‌ల మేమిద్దరం, అత్తమ్మ, మాయన చెల్లెలు. ఆ పిల్లను జూలూరుపాడు దిక్కు సేద్యం చేసేటోళ్లకిచ్చిన్రు. ఏడాది తిరగకముందే పుట్టింటికి తోలిచ్చిన్రు. ఎందుకో ఇంట్ల ఎవరూ నోరు తెరిచి అనకపోయేది. అత్తమ్మ పొద్దున మాపున సాంబ్రాణి పొగ ఎయ్యబట్టె, పక్క క్వార్టరోళ్లు మేమేదో పెద్ద భక్తులమనుకున్నరు. అసలు సంగతి ఆ పిల్ల ముక్కుల పీనసం. లోపల పెచ్చులు కట్టి, కుళ్లి, దగ్గరికొస్తె కడుపుల దేవేటంత కంపు. ఆ రోగం ముందుగాల వాసన తెలిసే గుణాన్నే తింటదట. దగ్గరికొచ్చినోళ్లందరికి తెలిసేది ఆమె ఒక్కదానికే తెల్వదు. "అందరు నా పక్కనుంచి దూరం జరిగి కూసుంటరేంది వదినె, నేను నల్లగున్ననా?" అని ఒకపారి అడిగింది. నీ ముక్కుల కంపు అని నేనే చెప్పిన. ఆ పొద్దంత ఏడ్చి, మాపటికి మొఖం కడుక్కొని, నన్ను దవాఖానకు తీస్కపో అన్నది.

ఖమ్మం బస్సుల కిటికీ పక్కన కూసోబెట్టి తీస్కపోయిన. ముక్కులకు లైటు పెట్టి చూసిన డాక్టరు, క్రిమి చేరింది, సూదులతోటి తగ్గినా మళ్లమళ్ల వస్తది, తగ్గిందని కడుగుడు ఆపొద్దన్నడు. "ఈమెకు తెల్వదు గదమ్మా, ఇంట్ల ఒకరు వాసన చూసి చెప్పాలె" అని నా దిక్కు చూసిండు. గట్ల నా ముక్కుకు నౌకరి దొరికింది. వారాల తరబడి సూదులు. గోరువెచ్చని నీళ్లల్ల తెల్లపొడి కలిపి, రబ్బరు పిచికారితోటి రోజుకు రెండుపూటల ముక్కులకు కొట్టుకునేది. పచ్చటి పెచ్చులు ఊడి తొట్టిల పడేటివి. రోజూ పొద్దుగాల నా మొఖం కాడికి మొఖం తెచ్చి ఊపిరొదిలి, "వదినె, ఉన్నదా?" అని అడిగేది. రెండుసార్లు తిరగబెట్టింది, రెండుసార్లూ ఉన్నదని చెప్పిన, రెండుసార్లూ ఖమ్మం పోయినం. మూడోపారి నెలలు గడిచినా రాలేదు. అత్తమ్మ సాంబ్రాణి మానేసింది. జూలూరుపాడు కబురు పోయింది, ఆమె పెనిమిటి తీస్కపోతనన్నడు.

ఆయనొచ్చిన పొద్దు ఆ పిల్ల కొత్త చీర కట్టి, కనకాంబరాలు పెట్టుకొని వంటింట్లకొచ్చింది. నా మొఖం మీద ఊపిరొదిలింది. ఉన్నది. చిన్నగనే, తడిబట్ట మురిగినట్టు. అవతల అర్రల ఆయన చాయ్ తాగుతుండె, అత్తమ్మ సంచి సదురుతుండె. ఎన్ని నెలలకు నవ్విందో ఆ పిల్ల. ఏం లేదు, పో అన్న. అక్కడ కూడ కడుక్కుంటది, అదే పోతదిలే అని నాకు నేనే సర్దిచెప్పుకున్న. ఆమె పిచికారి తీసి గూట్ల పెట్టి, "ఇగ ఇదెందుకు, అక్కడ అందరి ముందట సిగ్గు" అన్నది. అప్పుడన్న నోరు తెరవాలె. తెరవలేదు.

నెల నిండలేదు, తెచ్చి గడపల దించి పోయిండు. లోపలికి రాకముందే వాసనొచ్చింది. ఆ పిల్ల లొల్లి పెట్టలేదు. "నువ్వొక్కదానివన్న నిజం చెప్తవనుకున్న వదినె" అన్నది, అంతే. మళ్ల ఖమ్మం, మళ్ల సూదులు, ఈసారి అత్తమ్మ తోడు పోయింది. కొన్నేండ్లకు రోగం అణిగింది గని అప్పటికి ఆయన ఇంకోదాన్ని చేసుకున్నడు. ఉన్నదా అని ఎవరినీ అడగకుండ, గడియారం చూసుకొని ఆమె తన ముక్కు తనే కడుక్కున్నది. మా ఇంట్లనే ఉన్నది, నా పిల్లలను సాకింది, నాతోటి మంచిగనే మాట్లాడింది. కన్ను మూసేదాక మళ్లెప్పుడూ నా మొఖం కాడికి మొఖం తేలేదు.

పెరట్ల కోడలు ఇంకా గిన్నె తోముతనే ఉండె. నేను పోయి, మాడితె మాడిందని చెప్పు బిడ్డా, నాకు నీ ముక్కే దిక్కు అన్న. ఎందుకన్ననో కోడలికేం తెలుసు. ఇన్నేండ్లల్ల ఎన్ని వాసనలు మరిచిపోయిననో. ఆ పొద్దటి తడిబట్ట వాసన మాత్రం, పనిచెయ్యని ఈ ముక్కుకు కూడ తెలుస్తనే ఉన్నది.