మాస్కుకు అడ్డొచ్చిన మీసం

మా ఆయన ఒక పెద్ద హోటలు ముందు నిలబడి, వచ్చేవాళ్ళకి తలుపు తీసి సలాం కొట్టే ఉద్యోగం చేసేవారు. ఎర్రకోటు, ఇత్తడి గుండీలు హోటలువాళ్ళు ఇచ్చినవి. మీసం మాత్రం ఆయన సొంతం. రెండు చెంపలూ దాటి పైకి తిరిగి, కొసలు కళ్ళజోడుని తాకుతూ ఉండేది. హోటల్లో పనిచేసే కుర్రకారంతా మీసాల బాబాయి అనేవాళ్ళు. అక్కడ దిగినవాళ్ళు ఆయన పక్కన నిలబడి ఫొటో దిగకుండా వెళ్ళేవాళ్ళు కాదు. నిజం చెప్పాలంటే, ఆయన్ని పనిలోకి తీసుకున్నది కూడా ఆ మీసాన్ని చూసే.

పొద్దున్నే అద్దం ముందు కూర్చుని, మైనం రాసి, వేళ్ళతో మెలితిప్పి, చిన్న దువ్వెనతో సర్దుకునేవారు. ఆ కాసేపూ ఆయన్ని ఎవరూ పలకరించకూడదు. బట్టల కొట్లో పనిచేసే మా అమ్మాయి అద్దం దగ్గర తన వంతు కోసం వెనక నిలబడి, "నా పెళ్ళికి కూడా నన్నింత ముస్తాబు చెయ్యరేమో నాన్నా" అని వేళాకోళం చేసేది.

హోటలు నాలుగు రోడ్ల కూడలిలో ఉంది. ఎర్రదీపం పడితే బస్సులూ లారీలూ సరిగ్గా ఆయన ముందే ఆగి పొగ వదిలేవి. సాయంత్రం ఇంటికొచ్చి ముఖం కడుక్కుంటే మొదటి చెంబు నీళ్ళు బూడిదరంగులో పోయేవి. ముందు గొంతు గరగర అన్నారు. తర్వాత దగ్గు. ఆ తర్వాత మా మేడమెట్లు ఎక్కుతూ మధ్యలో ఆగి, ఏదో ఆలోచిస్తున్నట్టు గోడకేసి చూసేవారు. ఆయాసమని ఒప్పుకోవడానికి నామోషీ.

ఊపిరితిత్తుల డాక్టరమ్మ పరీక్షలన్నీ చేసి చెప్పింది. "పోయింది తిరిగి రాదండీ. ఉన్నదాన్ని కాపాడుకోవాలి. ఆ కూడలి వదిలెయ్యండి. వదల్లేకపోతే ఫిల్టరున్న మాస్కు వేసుకోండి. ముఖానికి గట్టిగా అతుక్కుని ఉండాలి సుమా."

వదిలితే ఇల్లెలా గడుస్తుంది? ఆ సాయంత్రమే అమ్మాయి మాస్కు కొనుక్కొచ్చింది. బట్టది, ఉతుక్కుని మళ్ళీ మళ్ళీ వాడుకోవచ్చు. లోపల జేబులాంటిది ఉంది. అందులో దళసరి తెల్ల ఫిల్టరు పెట్టాలి. అది నల్లబడ్డాక తీసేసి కొత్తది పెట్టుకోవాలి.

పెట్టి చూస్తే మీసం కొసలు రెండు పక్కలా బయటికి పొడుచుకొచ్చాయి. లోపలికి దోపితే మాస్కు బుగ్గల దగ్గర లేచి నిలబడింది. ఊపిరి వదలగానే కళ్ళజోడు నిండా ఆవిరి.

"ఏమే, ఇంట్లోనే ఉన్నావా? కనపడవేం?" అంటూ ఆయన చేతులు చాచి గాల్లో తడిమారు. ముగ్గురం పడీ పడీ నవ్వాం.

అంచులకి మెత్తటి గుడ్డ మడిచి కుట్టాను. నాడాలు బిగించాను. ఏం చేసినా ఆ సందు మూసుకోలేదు. పైగా హోటల్లో మేనేజరు, "ముఖం కప్పుకుంటే ఇక నువ్వెందుకయ్యా? తలుపు తియ్యడానికి మిషను పెట్టుకోలేనా?" అన్నాడట. దాంతో కారు ఆగినప్పుడల్లా మాస్కు గడ్డం కిందికి లాగడం, కారు పోగానే పైకి ఎక్కించడం.

కొన్నాళ్ళకి ఫిల్టరు తీసి చూస్తే కొత్తదానిలా తెల్లగా ఉంది. ఆయన సంబరపడిపోయి దాన్ని నా కళ్ళముందు ఆడించారు. "చూశావా? మన గాలి అంత చెడ్డదేం కాదే. డాక్టరమ్మ ఊరికే బెదరగొట్టింది." నాకూ ప్రాణం లేచొచ్చింది. మళ్ళీ ఆసుపత్రికి వెళ్ళినప్పుడు దాన్ని కాగితంలో చుట్టి, మంచి మార్కులొచ్చిన పిల్లాడిలా పట్టుకెళ్ళారు.

డాక్టరమ్మ దాన్ని వెలుతురుకి పెట్టి చూసింది. ఆమె ముఖంలో నవ్వు లేదు. "ఇది తెల్లగా ఉందంటే, గాలి దీన్లోంచి రాలేదనండీ. పక్క సందుల్లోంచి నేరుగా లోపలికి పోయింది. మీసం తీస్తే గానీ ఈ మాస్కు మీ ముఖానికి అతకదు."

బస్సులో దారిపొడుగునా ఆయన కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారు.

ఆదివారం పొద్దున కిటికీ దగ్గర స్టూలు వేసుకుని, కత్తెర నా చేతికిచ్చారు. "నువ్వు కత్తిరించు. మిగతాది నేను గీసుకుంటాను."

"షాపుకి వెళ్ళొచ్చుగా?"

"అక్కడ పదిమంది చూస్తారే."

మైనంతో బిరుసెక్కిన మీసం కత్తెరకి మొరాయించింది. ఆయన కళ్ళు మూసుకున్నారు. ఏడుపు వినపడకుండా అమ్మాయి లోపలికి వెళ్ళి పంపు విప్పింది. గీసుకున్నాక చూస్తే, ఎన్నాళ్ళుగానో ఎండ సోకని పైపెదవి తెల్లగా పాలిపోయి ఉంది. అద్దంలో చూసుకుని, "ఎవడో పాపం, తిండి తిని ఎన్నాళ్ళయిందో" అన్నారు.

మర్నాడు మాస్కు చక్కగా అతికింది. కళ్ళజోడుకి ఆవిరి పట్టలేదు. హోటలు దగ్గర మేనేజరు మాత్రం ఎవరో అనుకుని ఆపేశాడట. గొంతు విని పోల్చుకున్నాక ఎర్రకోటు విప్పించి, కూరగాయల లారీలొచ్చే వెనకగేటుకి మార్చాడు. అక్కడ మాస్కు తియ్యమనేవాళ్ళు లేరు, ఫొటో అడిగేవాళ్ళూ లేరు.

వారం పోయాక ఫిల్టరు తీశాం. మాడిన పెనం అడుగులా ఉంది. ఆయన దాన్ని అరచేతిలో పెట్టుకుని వేలితో రాసి చూశారు. "ఇన్నేళ్ళూ ఇదంతా నాలోకే పోయిందన్నమాట" అన్నారు.

మాస్కు వల్ల మేలు జరగలేదని అనను. కొన్నాళ్ళు మెట్ల మీద ఆగడం తగ్గింది. రోజూ దాన్ని గోరువెచ్చటి నీళ్ళలో ఉతికి నీడన ఆరేసేదాన్ని. బయట ఆయన ముఖం ఎవరికీ కనపడేది కాదు. గడప దాటి లోపలికొచ్చాకే తీసేవారు. ఆయన నవ్వితే పెదవి చివర చిన్న సొట్ట పడుతుందని, ఇన్నేళ్ళ కాపురంలో అప్పుడే తెలిసింది నాకు.

"ఇన్నాళ్ళూ దీన్నెక్కడ దాచారండీ?" అంటే, "నీకోసమే దాచానులే" అన్నారు.

కానీ డాక్టరమ్మ చెప్పినట్టే పోయింది తిరిగి రాలేదు. చలికాలంలో పొగమంచు కిందికి దిగినప్పుడు మంచం పట్టారు. ఒకరోజు పొద్దున అమ్మాయి చెంచాతో నీళ్ళు పడుతుంటే, మింగకుండానే వెళ్ళిపోయారు.

హోటలు నుంచి నలుగురు పూలు పట్టుకొచ్చారు. గుమ్మంలో ఆగి ఆయన ముఖంలోకి చూసి, ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. వాళ్ళలో పెద్దవాడు నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించి, "అమ్మా, మీసాల బాబాయి ఇల్లు ఇదేనా?" అని అడిగాడు.

"ఇదే బాబూ. ఆయనే, రండి" అన్నాను.

వాళ్ళ అయోమయం చూడలేక అమ్మాయి ఆయన మీసంతో, ఎర్రకోటులో దిగిన ఫొటో తెచ్చి ఆయన తల దగ్గర పెట్టబోయింది.

"వద్దమ్మా" అన్నాను. "ఆ ముఖాన్ని అందరూ చూశారు. ఈ ముఖాన్ని నన్ను కాసేపు చూసుకోనీ."