పాకం లేని పల్లీ బిళ్ళ

ఫోన్లో వంటల వీడియో ఒకటి చూస్తే చాలు, లోకంలో నేను చేయలేనిది లేదని నమ్మిన రోజులవి. డిగ్రీ అయిపోయింది, కొలువు రాలేదు. మంచిర్యాలలో మా కిరాణా దుకాణంలో పొట్లాలు కడుతుండేదాన్ని. బేరంలో నన్ను మించినవాళ్ళు లేరు (కూరగాయలవాళ్ళు నన్ను దూరం నుంచే చూసి గంప సర్దుకునేవారు). అయినా గల్లాపెట్టె దగ్గర కూర్చుంటానంటే బాపు ఒప్పుకునేవాడు కాదు. "గల్ల అంటే ఆటనా బిడ్డా?" అనేవాడు.

ఒకరోజు వీడియోలో మెక్సికో పెద్దావిడ ఒకామె పల్లీ మిఠాయి చేస్తూ కనిపించింది. వేయించి పొట్టు తీసిన పల్లీలు, చక్కెర పొడి, అంతే. నూనె ఊరేదాకా నూరి, గుండ్రంగా అదిమితే బిళ్ళ తయారు. వెంటనే బాపుతో బేరం పెట్టాను: మిఠాయి అమ్ముడుపోతే గల్లా నాది. బేరంలో నాకు గురువాయన. "పొద్దుగూకేలోపు ఒక్క బిళ్ళ పగలకుండ కొన్నోని చేతికియ్యి. గల్ల నీదే" అన్నాడు. ఒక్కటేనా అని లోలోపల నవ్వుకున్నాను.

"పాకం లేకుండ పల్లీపట్టి ఎట్ల నిలుస్తదే పోరీ?" అంది మా అవ్వ.

"మెక్సికోల నిలుస్తది అవ్వా."

"అయితె గాడనే ఉంచు."

నేను వినలేదు. మిక్సీ పొగలు కక్కేదాకా నూరి, డబ్బా మూతతో అదిమి, బిళ్ళలను గాజు సీసాలో పేర్చి గల్లా పక్కన పెట్టాను. మొదట మా వాడకట్టు పెద్దమ్మ, అందరికీ ఖాలా, సబ్బు కొనడానికి వచ్చింది (చక్కెరైనా సరే రుచి చూడనిదే కొనదు). ఒక బిళ్ళను వేళ్ళతో పట్టుకుందో లేదో, అది పొడిపొడిగా రాలింది. "అరె, ఇరిగింది గద బిడ్డా! ఇరిగింది కొసరేనాయె మీ దుకాణంల" అంటూ నోట్లో వేసుకుంది. నిజమే. ఏదైనా కొన్నవాళ్ళకు విరిగిన బిస్కెట్లు, బెల్లం ముక్కలు కొసరు కింద ఊరికే ఇవ్వడం మా బాపు పెట్టిన పద్ధతి. ఇక చూడండి, వాడకట్టంతా ఉప్పు కొనడానికి వచ్చింది. వచ్చిన ప్రతి ఒక్కరూ బిళ్ళ నొక్కారు.

"ముట్టకుండ్రి, మీకు దండం పెడ్త!"

"ముట్టకుండ కొనుడెట్ల? జర గట్టిగున్నదో లేదో సూడొద్దా?"

ఉప్పు అయిపోయింది, సబ్బులు అయిపోయాయి. మిఠాయి సీసా మాత్రం ఒక్కటీ అమ్ముడుపోకుండానే ఖాళీ అవుతూ వచ్చింది. గల్లా దగ్గర కూర్చున్న బాపు పొద్దంతా ఈ తమాషా చూస్తూ మీసాల్లో నవ్వుకున్నాడు.

సాయంత్రానికి మిగిలింది ఒక్క బిళ్ళ. బాపు షట్టరు సగం దించి, "ఏదీ, నన్ను సూడనియ్యి" అని చేయి చాపాడు. పసిగుడ్డును అందించినట్టు కాగితం మీద పెట్టి ఆయన అరచేతిలోకి జార్చాను. పగలకుండా నిండుగా దిగింది. బొటనవేలితో నొక్కాడు. రాలిపోయింది. తీరిగ్గా నోట్లో వేసుకుని, "ఇరిగింది. కొసరు" అన్నాడు.

నాకు ఏడుపు, కోపం కలిసి వచ్చాయి. "కొసరు ఏదన్న కొన్నోల్లకు బాపు! నువ్వేం కొన్నవ్? నీ చేతికొచ్చినప్పుడు నిండుగనే ఉండె. తియ్యి పైసలు!"

బాపు జేబులోంచి పైసలు తీసి గల్లాలో వేసి, తాళంచెవి నా ముందు పెట్టి చెప్పులు వేసుకున్నాడు.

ఆ గెలుపు గురించి చుట్టాలందరి దగ్గరా ఎన్నేళ్ళు గొప్పలు పోయానో! ఈమధ్యే, గల్లా దగ్గర కూర్చుని ఉండగా తట్టింది: నొక్కితే ఆ బిళ్ళ ఏమవుతుందో పొద్దంతా చూసిన మనిషి, మరి ఎందుకు నొక్కినట్టు? ఉప్పు పొట్లానికి కూడా గంటసేపు వాదించే మనిషి, నా ఒక్క మాటకే ఎందుకు జేబులో చెయ్యి పెట్టినట్టు? అడిగితే ఒప్పుకోడు. "చక్కెర జర ఎక్కువైంది బిడ్డా" అంటాడు, అంతే.