ఏ కాలు ఎత్తాలి సారూ?

మా కాలేజీకి కప్పలు తెచ్చే మనిషి ఈమధ్య బొత్తిగా మోసం చేస్తున్నాడు. పెద్దవి అడిగితే బొటనవేలంత పిల్లకప్పలు తెచ్చి, "వానల్లేవు సార్, అవి మాత్రం ఏం తిని పెరుగుతయ్యి?" అంటాడు. వాటితో రిఫ్లెక్సు ప్రయోగం చేస్తే వెనక బెంచీకి ఏమీ కనపడదు. ముందు బెంచీకి కనపడినా చూడదు. ప్రిన్సిపాల్‌కు చెప్పాను. ఆయన లెక్కల మనిషి. ఎంతున్నా కప్ప కప్పే కదా అన్నాడు.

నేను కూర్చున్నది ఇది చెప్పడానికి కాదు. చెప్పాల్సింది వేరే ఉంది. ఏళ్ల తరబడి దాన్ని ఇలాగే పక్కకు జరుపుతూ వచ్చాను. ఛాతీ మీద రాయిలాగా ఉందని చెబితే బాగుంటుంది గానీ నిజం కాదు. చెప్పులో ఇసుకరేణువులా ఉంది. నడవచ్చు. నవ్వచ్చు. నలుగురినీ నవ్వించవచ్చు కూడా. కానీ ఒక్క అడుగైనా దాన్ని మరిచిపోయి వేసింది లేదు.

పేరు రాయడం లేదు. నరసరావుపేటలో జువాలజీ చెప్పేవాళ్లమే కొద్దిమందిమి, అందులో హాస్యగాడినని పేరుపడ్డవాణ్ణి నేనొక్కణ్ణే. కాబట్టి దాచి పెద్ద ప్రయోజనం లేదు. అయినా ఒక మర్యాద ఉంది కదా. పైగా ఇది ఎవరి కంట పడకూడదో ఆమెకు చదువు రాదు. ఆ సంగతి కూడా చూసుకునే రాస్తున్నాను. చూశారా, ఇక్కడ కూడా నా జాగ్రత్త నాకుంది.

ఎనభైల మొదట్లో మా ఊళ్లో పెద్దలు కొందరు కలిసి ఒక కల్యాణమండపంలో పిల్లల వైద్య శిబిరం పెట్టారు. బొంబాయి నుంచి ఒక డాక్టరమ్మ వచ్చింది. పెద్దావిడ, నూలుచీర, మాటకు తొందరలేదు. కళ్లు అదేపనిగా కొట్టుకునే పిల్లలు, మెడ విదిలించే పిల్లలు, గొంతులో తమకు తెలియకుండానే శబ్దాలు వచ్చే పిల్లలు, అలాంటివాళ్లను చూస్తుందట. ఆమెకు తెలుగు రాదు. ఎవరికో నేను గుర్తొచ్చాను. ఇంగ్లీషు వచ్చు, రిఫ్లెక్సు అంటే తెలుసు, మనిషి సరదాగా ఉంటాడు. ఇన్ని అర్హతలు ఒక్కడిలో దొరకడం కష్టం.

రిఫ్లెక్సు గురించి నాకు తెలిసిందంతా కప్ప దగ్గర నేర్చుకున్నదే. మెదడు తీసేసిన కప్ప వీపు మీద ఆసిడ్‌లో ముంచిన కాగితం ముక్క పెడితే, వెనక కాలితో తుడిచేసుకుంటుంది. ఆలోచించడానికి మెదడు లేదు, అయినా కాలు దాని పని అది చేస్తుంది. డాక్టరమ్మ చెప్పింది వేరు. పుట్టిన బిడ్డ అరచేతిలో వేలు పెడితే పట్టుకుంటుంది. తల ఒక పక్కకు తిప్పితే ఆ పక్క చెయ్యి చాస్తుంది. ఎదిగేకొద్దీ అవి అణిగిపోవాలి. కొందరిలో సరిగా అణగవనీ, వాటిని మెల్లగా మళ్లీ ఆడించి నిద్రపుచ్చితే ఈ కుదుపులు కూడా తగ్గవచ్చనీ ఆమె నమ్మకం. రుజువైందా అని అడిగాను. లేదు, కొందరికి తగ్గడం చూశాను, అంతే చెప్పగలను అంది. అంత సూటిగా జవాబు చెప్పే డాక్టర్ని నేను అంతకుముందు చూడలేదు. తర్వాతా చూడలేదు.

పొద్దుటి నుంచి ఆమె మాటలు బాగానే తెలుగులో చెప్పాను. మెత్తటి కుంచెతో అరచేతులు నిమరాలి. వెల్లకిలా పడుకోబెట్టి తల మెల్లగా ఇటూ అటూ తిప్పించాలి. వెన్ను పొడవునా వేలితో రాయాలి. మధ్యమధ్య నా చమత్కారాలు. జనం నవ్వుతుంటే ఎండ కూడా తెలియలేదు. మనిషికి నవ్వించడం ఒకసారి అలవాటైందంటే ఎదురుగా ఉన్న మొహాలన్నీ చప్పట్లలా కనిపిస్తాయి. ఈ జబ్బుకు ఏ శిబిరమూ లేదు.

భోజనాల తర్వాత నూజెండ్ల నుంచి వచ్చిన ఒక తల్లి వంతు వచ్చింది. కోటమ్మ. భర్త మాచర్ల వైపు రాళ్ల క్వారీలో పని, ఎప్పుడో గాని ఇంటికి రాడు. కూతురు ఆదిలక్ష్మి, తొమ్మిదేళ్లుంటాయి. కళ్లు కొట్టుకుంటాయి, మెడ విదిలిస్తుంది, గొంతులో "హుక్" అని శబ్దం. క్లాసంతా చెడుతోందని, ఇలాగే ఉంటే బడి మానిపించమని పంతులు చెప్పాడట. తగ్గితే బడి. తగ్గకపోతే ఇల్లు. ఆ తల్లికి కావలసింది అంతే.

వ్యాయామాలన్నీ చెప్పాను. ఆమె పెదాలు కదుపుతూ ప్రతి మాటా బట్టీ పట్టింది. తర్వాత అడిగింది.

"అయ్యన్నీ పొద్దున సరే సారూ. శబ్దం వచ్చినప్పుడు ఏం చెయ్యాలి?"

డాక్టరమ్మకు చెప్పాను. ఆమె ముందుకు వంగి, మొదటిసారి గొంతు కాస్త పెంచి, నా కళ్లలోకి చూసి చెప్పింది. ఏమీ చెయ్యొద్దు. చూడనట్టే ఉండాలి. ఆపమనొద్దు, తిట్టొద్దు, ఎవరూ దాన్ని పట్టించుకోవద్దు. పట్టించుకుంటే పెరుగుతుంది. బళ్లో కూడా చెప్పండి. చాలామందికి పెద్దయ్యేసరికి అదే తగ్గుతుంది. ఈ మాట వ్యాయామాలన్నిటి కంటే ముఖ్యం అని కూడా అంది.

నేను జనం వైపు తిరిగాను. అన్నాలు తిని కునికిపాట్లు పడుతున్నారు. ఏమీ చెయ్యొద్దు అన్న మాటలో నవ్వు ఎక్కడుంది? ఒక్క క్షణం వెతికాను. దొరకలేదు. అప్పుడు నా సొంతం చెప్పాను.

"శబ్దం వచ్చిందంటే, అమ్మా, పిల్ల ఎక్కడున్నా సరే లేచి, ఒక కాలు పైకెత్తి, కొంగలాగా నిలబడి, చెవి పట్టుకుని ఇరవై లెక్కపెట్టాలి. దీన్ని కొంగ రిఫ్లెక్సు అంటారు."

మండపం గొల్లుమంది. వాళ్లు నవ్వుతుంటే డాక్టరమ్మ కూడా నవ్వింది. తన మాటను నేను ఏదో మంచిగా, ఆ తల్లికి ధైర్యం వచ్చేలా చెప్పాననుకుంది పాపం.

కోటమ్మ నవ్వలేదు.

"ఏ కాలు ఎత్తాలి సారూ? ఎడమదా, కుడిదా?"

అక్కడ ఆగాల్సింది. వేళాకోళానికి అన్నానమ్మా, అసలు మాట ఇదీ అంటే అయిపోయేది. జనం ఇంకోసారి నవ్వేవాళ్లు, ఈసారి నా మీద. అదేనా అడ్డం? అంతేనా? అంతే. పెద్ద కారణం ఏదైనా దొరుకుతుందేమోనని ఇన్నేళ్లూ వెతికాను, లేదు.

"ఎడమ" అన్నాను.

"చెవి?"

"కుడి."

పిల్ల మాత్రం నా మూతి వంక చూస్తోంది. నవ్వు ఆపుకునేటప్పుడు నా పై పెదవి ఒక పక్క కొద్దిగా వణుకుతుంది. మా ఆవిడ పెళ్లయిన వారంలో కనిపెట్టింది. ఆ పిల్ల తల్లి కొంగు లాగి చెవిలో ఏదో అంది. కోటమ్మ దాని వీపు మీద ఒకటి చరిచింది. "నోర్ముయ్యే. మొక్కు సారుకి" అంది. పిల్ల మొక్కింది.

పోయేలోపు పిలిచి చెబుదామనే అనుకున్నాను. ఎవరో మజ్జిగ తెచ్చారు. తాగి చూసేసరికి వాళ్లు లేరు. వినుకొండ బస్సుకు పోయారన్నారు. మజ్జిగ చల్లగా ఉంది. ఇలాంటివి గుర్తుంటాయి.

ఇంతవరకూ చెప్పి ఆపేస్తే మీరు నన్ను క్షమించేస్తారేమో. నోటిదూల మనిషి, పొరపాటు జరిగింది అంటారు. నేను కూడా చాలాకాలం అక్కడిదాకానే నాకు చెప్పుకునేవాణ్ణి. మా పాఠ్యపుస్తకంలో రిఫ్లెక్సును అసంకల్పిత ప్రతీకార చర్య అంటారు. నా హాస్యం కూడా అలాంటిదే, నా ప్రమేయం లేదు అని సర్దుకునేవాణ్ణి. కానీ కప్ప కాగితాన్ని తుడిచేసుకుంటుందే గాని, పక్క కప్ప వీపు మీద పెట్టదు.

ఏడాది దాటాక ఎన్నికల డ్యూటీ పడింది. నూజెండ్ల బడిలో బూత్. నేను ప్రిసైడింగ్ ఆఫీసర్ని, పెద్ద పెట్టె, సీళ్లు, లక్క, ఎదురుగా బల్ల మీద ఏజెంట్లు. మధ్యాహ్నం వేలికి సిరా పెట్టించుకుని కోటమ్మ నా ముందుకొచ్చి నిలబడింది. దేవుణ్ణి చూసినట్టు చూసింది.

"సారూ! గుర్తుపట్టారా? కొంగ చెప్పారు గదా!"

ఏజెంట్లు తలెత్తారు. గుర్తులేనట్టు మొహం పెట్టబోయాను, కుదరలేదు.

"వదలకుండా చేయిస్తన్నా సారూ. తగ్గలా. ఇంకా ఎక్కువైంది. శబ్దం వచ్చినప్పుడల్లా లేచి నిలబడిద్ది. బళ్లో పిల్లకాయలు కొంగా కొంగా అని ఏడిపిచ్చి చంపుతన్నారు. ఇదేందమ్మా నీ కూతురి సర్కసు, ఇంటికాడ చేయిచ్చుకో పో అన్నాడు పంతులు. బడి మానిపిచ్చా. నేనేమన్నా తప్పు చేయిస్తన్నానా సారూ? నాకు చెప్పండి. దిద్దుకుంటా."

తప్పు ఆమె చేయిస్తోందా అని అడుగుతోంది. నన్ను.

పట్టించుకుంటే పెరుగుతుంది. డాక్టరమ్మ మాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. ఒక పిల్ల ప్రతి శబ్దానికీ లేచి ఒంటికాలి మీద నిలబడుతోందంటే, ఆ ఇంట్లో, ఆ వీధిలో, ఆ శబ్దాన్ని పట్టించుకోని మనిషి ఉండడు. అన్నిటికంటే ఎక్కువగా ఆ పిల్లే పట్టించుకుంటుంది. నాకది అర్థమైంది. జువాలజీ ఎమ్మెస్సీకి ఆ మాత్రం అర్థమవుతుంది. ఒక్క వాక్యం చెప్పాలి. ఎదురుగా రెండు పార్టీల ఏజెంట్లు, గుమ్మంలో కానిస్టేబులు, వరసలో జనం. నా చేతిలో ప్రభుత్వం వారి సీలు.

"సరిగ్గానే చేయిస్తున్నావమ్మా. మానవద్దు" అన్నాను.

ఆమె దణ్ణం పెట్టి వెళ్లింది.

మొదటిది వేళాకోళం. ఇది కాదు. దీనికి నా దగ్గర పేరు లేదు. ఆ సాయంత్రం పెట్టెకు సీలు వేస్తుంటే లక్క వేలి మీద పడి కాలింది. అది శిక్ష అనుకుని కొంత తృప్తిపడ్డాను. శిక్ష కూడా ఎంత చిన్నది ఏరుకున్నానో చూడండి. బొబ్బ వారంలో మానింది.

ఆ తర్వాత కూడా సెలవులున్నాయి, బస్సులున్నాయి. పోలేదు. ఒకసారి వినుకొండ దాకా పోయాను. అక్కడ దిగి, టీ తాగి, వెనక్కొచ్చాను. స్టాఫ్ రూంలో మాత్రం నవ్వించడంలో నన్నెవరూ మించలేదు.

మొన్న వేసవిలో మళ్లీ వినుకొండ పోవాల్సివచ్చింది. మా మరదలు అక్కడే ఉంటుంది. ఆమె కుట్టించుకున్న జాకెట్లు తెచ్చిపెట్టమని పంపింది. చిన్న టైలరింగ్ షాపు. యజమానురాలు భోజనానికి పోయింది. మిషను దగ్గర పదహారేళ్ల పిల్ల ఒక్కతే ఉంది. నన్ను చూసి లేచింది. లేస్తూనే ఎడమకాలి మడమ నేల మీంచి లేచింది. కుడిచెయ్యి చెవిదాకా వెళ్లింది, దుద్దు సర్దుకుంటున్నట్టు. పెదాలు కదిలాయి. లెక్కపెడుతోంది.

మెడ నిశ్చలంగా ఉంది. కళ్లు మామూలుగా ఉన్నాయి. నేను చెవులు రిక్కించి నిలబడ్డాను. గొంతులో ఏ శబ్దమూ లేదు. డాక్టరమ్మ చెప్పినట్టే, పెద్దయ్యేసరికి దాని దారిన అది పోయింది. కొంగ మిగిలింది. జబ్బు దేవుడిచ్చాడో ఎవరిచ్చారో గానీ తీసుకుపోయారు. నేనిచ్చింది మాత్రం అక్కడే ఉంది.

"మీది నూజెండ్లా?" అన్నాను.

"గుమ్మంలో ఉండగానే గుర్తుపట్టా సారూ" అంది. కోపం లేదు. జాకెట్లు మడతపెడుతూనే ఉంది. "శబ్దం ఆగి రెండేళ్లైంది. ఇది పోవట్లా. కొత్తోళ్లు ఎదురొస్తే కాలు దానంతటదే లేసిద్ది."

నాలుగో తరగతితో ఆగిపోయానని చెప్పింది. మళ్లీ బడికి పోదామనుకునేసరికి తనకంటే పొట్టి పిల్లల పక్కన కూర్చోవాల్సివచ్చిందట. కూర్చోలేదు.

"ఆదిలక్ష్మీ, ఆ రోజు నేను..." అన్నాను.

"తెలుసు. మీ పెదవి వణికింది. నవ్వుతన్నాడమ్మా అని అప్పుడే అన్నా. అమ్మ కొట్టింది. అంత చదువుకున్న సారు మనల్ని చూసి ఎందుకు నవ్వుతాడే అంది."

అన్నేళ్లు ఆ పిల్ల తెలిసే నిలబడింది. నవ్వులాట అని తెలిసి, అమ్మ కోసం నిలబడింది. నేను ఏమేమో ఊహించుకున్నాను గానీ ఇది ఎప్పుడూ ఊహించలేదు.

ఇది రాశాక ఊపిరి కాస్త తేలిగ్గా ఆడుతోంది. ఆడకపోతే బాగుండేది. ఆ రోజు ఆ పిల్ల ముందు కూడా ఇలా తేలిక పడదామనే, ఊరికి వస్తాను, మీ అమ్మ కాళ్లు పట్టుకుని అంతా చెబుతాను అన్నాను. ఆమె జాకెట్ల పొట్లానికి దారం చుట్టి, పంటితో తెంపి, నా చేతిలో పెట్టింది.

"చెప్పమాకండి సారూ. మీరు చెప్పేసి బస్సెక్కి పోతారు. చేయించింది మా అమ్మ."