అవసరం లేదన్న అక్క

నా చిన్నప్పుడు నగరి పక్కన మా ఊర్లో, మా వీధి వెనకాలే మగ్గాల వీధి ఉండేది. మధ్యలో ఒక సందు, అంతే. అయినా వాళ్ళు అరవం మాట్లాడతారని మావాళ్ళకు చులకన. ఆ ఏడు ఊరికి కొళాయి వస్తుందంటే, రెండు వీధులకూ అందే సందు మొగదాల వద్దు, మా వీధిలోనే పెట్టాలని మావాళ్ళు అర్జీ రాసినారు. అందరూ వేలిముద్ర వేస్తేనే అర్జీ పోతాది; మా అవ్వ ఒక్కతే వేయలేదు. "వాళ్ళ బిడ్డలకు దప్పిక కాదా?" అనింది.

ఆ రోజుల్లోనే మగ్గాల వీధిలో ఉండే ఒక అక్క మాకు తట్ట నిండా మునక్కాయలు పంపింది. ఖాళీ తట్ట తిరిగి ఇయ్యకూడదు కదా, రెండు రోజుల్లో అరిసెలు పెట్టి పంపుతానని చెప్పిరమ్మని అవ్వ నన్ను తోలింది. అక్క నవ్వుతా "అవసరం లేదు పాపా" అనింది. ఆ మాటే ఇంటికి మోసుకొచ్చినాను.

అవ్వ మొహం మాడిపోయింది. "మన చేతి తిండి అవసరం లేదంటనా? ఎంత పొగరే!" అని, ఆ సాయంత్రమే అర్జీ తెప్పించుకొని వేలిముద్ర వేసింది. కొళాయి మా వీధిలోనే వచ్చింది. మావాళ్ళు ఆ వీధోళ్ళను దగ్గరికి రానియ్యలేదు. కడుపుతో ఉండే అక్క, ఎండలో ఊరవతల బావి నుంచి బిందెలు మోసింది.

ఒకరోజు వానకు వాళ్ళ పంచలో నిలబడితే, అక్క లోపలికి పిలిచి రాగిదోస పెట్టింది. అవ్వ తిడుతుందని గబగబా మింగుతుంటే, "అవసరం లేదు పాపా, మెల్లగా తిను" అనింది. అప్పుడు తెలిసొచ్చింది. అరవంలో అవసరమంటే తొందర! ఆ పొద్దు కూడా తొందరేం లేదనే అనింది, అయ్యో!

వానలోనే పరిగెత్తి అవ్వకు చెప్పినాను. అవ్వ నన్ను దగ్గరికి లాక్కొని, "పసిదానివి, నీదేం తప్పు? పోయి అడగాల్సింది నేను" అని కళ్ళు తుడుచుకునింది. మర్నాడు అరిసెలు తీసుకొని మొదటిసారి ఆ గడప తొక్కింది. అక్కను వెంటబెట్టుకొచ్చి, కొళాయి కాడ పీటేసుకొని కూచునింది. ఎవరైనా గొణిగితే "నా వంతు నీళ్ళు వాళ్ళకిస్తా, నీకేమప్పా?" అనేది. రోజూ ఆడ కలిసి మాట్లాడుకోబట్టి, గొణిగినోళ్ళే అక్క సీమంతానికి గాజులు తీసుకొని పోయినారు. రెండో కొళాయి సందు మొగదాలే పెట్టమని మా వీధోళ్ళే అర్జీ రాసినారు.

తర్వాత అక్కావాళ్ళు మగ్గం ఎత్తేసి అరవదేశం పోయినారు. అక్క ఇప్పుడు ఉండాదో లేదో. ఒక్కసారి చూడాలని ఈ వయసులోనూ ప్రాణం కొట్టుకుంటాది.

ఇప్పుడు ఎవరన్నా "వాళ్ళంతా అట్లాంటోళ్ళు" అంటే, "వాళ్ళింట్లో ఎప్పుడన్నా తిన్నావా?" అని అడుగుతాను. ఆ ఎండల్లో అన్ని బిందెలు మోయించింది నేను తెచ్చిన మాటేనని మాత్రం, అక్కకు ఎప్పటికీ చెప్పుకోలేకపోయినాను.