వంటింటి ఆఫీసుకి చుట్టుదారి

తపానీకి ఉన్న జబ్బల్లా ఒక్కటే. ఆయన పనిచేసేది ఇంట్లోనే, వంటింటి బల్ల మీదే. అయినా పొద్దున్నే ఆఫీసుకు వెళ్ళకుండా ఉండలేడు.

వెళ్ళడమంటే మాటవరసకు కాదు. తలకి ఉన్ని టోపీ, మెడకి మఫ్లరు, చీకట్లో కార్లవాళ్ళకు కనబడేలా కోటుకు వేలాడే మెరుపు బిళ్ళ, చేతిలో తోలు సంచీ. మూడో అంతస్తు దిగి, బడి వీధిలో పడి, బడి గేటు దాటి చర్చి మలుపుదాకా పోతాడు. మళ్ళీ అదే దారిన వెనక్కొచ్చి, మెట్లెక్కి, తన తలుపు తనే తీసుకుని, కోటు తగిలించి అందరినీ పేరుపేరునా పలకరిస్తాడు. అందరూ అంటే ఫ్రిజ్జు, పొయ్యి, కాఫీ మిషను.

అప్పట్నుంచి అది ఇల్లు కాదు. ఫ్రిజ్జు క్యాంటీను. తెల్లవారుజామునే బేకరీకి పోయి మధ్యాహ్నానికి ఇల్లు చేరే పెళ్ళాం సైమి "పక్క సెక్షను ఆవిడ". సాయంత్రం పని అయ్యాక మళ్ళీ కోటు తొడుక్కుని కిందికి దిగి, భవనం చుట్టూ ఓ ప్రదక్షిణం చేసి వచ్చి, తన ఇంటి గంట తనే కొడతాడు.

"తాళం నీ జేబులోనే ఉందిగా!" అని సైమి లోపల్నించి అరుస్తుంది.

"అలిసిపోయి ఇంటికొచ్చిన మగాడికి తలుపు తియ్యడానికి కూడా బద్ధకమేనా?"

"ఎక్కణ్ణించి వచ్చి అలిసిపోయావయ్యా? పొయ్యి పక్కనించి వచ్చావు!"

ఇదంతా చూసి చూసి నిజంగా అలిసిపోయినవాడు రెండో అంతస్తు ఆర్వో. కువోపియో ఊళ్ళో ఆ నాలుగు వీధుల మంచు తోసి, జనం జారిపడకుండా కంకర చల్లేది అతనే. చిన్నప్పుడే బడి మానేసి పార పట్టాడు, ఇప్పుడు నడుం వంగితే లేవదు, మోకాళ్ళు లేస్తే వంగవు. చీకట్లో అతను మంచుతో కుస్తీ పడుతుంటే, సంచీ ఊపుకుంటూ తపానీ ఎదురొచ్చేవాడు.

"పనికేనా?" అనేవాడు ఆర్వో.

"పనికే. ఇవాళ రోడ్డు మీద రద్దీ ఎలా ఉంది?"

"నేనొక్కణ్ణే ఉన్నా."

"అయితే లేటవుతుందన్నమాట."

జనం ఈ నడక ఆరోగ్యం కోసమనుకున్నారు. కిందటి వసంతంలో తపానీ ఆ వంటింటి కుర్చీలోంచి లేవబోయి దబ్బున పడ్డాడు. రక్తపోటు. "ఈ కుర్చీ మిమ్మల్ని మింగేస్తోంది, రోజూ నడవండి" అంది డాక్టరమ్మ. వేసవంతా "రేపట్నుంచి" అంటూ గడిపేశాడు. ఆగస్టులో మాత్రం ఉన్నట్టుండి సంచీ కొని, ఆఫీసు మొదలెట్టాడు.

వింత ఏమిటంటే, ఒకటో తరగతి చదివే కూతురు సెల్మా కూడా అదే వేళకు అదే వీధిలో బడికి పోయేది. అక్కడ ఆ వయసు పిల్లలు ఒంటరిగానే పోతారు. పిల్ల ఎడమవైపు కాలిబాట మీద ముందు, తండ్రి కుడివైపు కాలిబాట మీద వెనక. ముక్కూమొహం తెలియనట్టు నడిచేవాళ్ళు.

"సొంత కూతురేగా, పక్కన నడవచ్చుగా?" అన్నాడు ఆర్వో ఒకసారి.

"ఆఫీసు వేళల్లో నేను చుట్టరికాలు పెట్టుకోను."

ఆర్వో ఇంక అడగలేదు. ఆ భవనంలో ఒకరి సంగతి ఇంకొకరు అడగరు. తలుపు తీసేముందు కంతలోంచి తొంగిచూసి, మెట్ల మీద మనిషన్నవాడు లేడని తేలాకే బయటికొచ్చే జనం. ఎదురుపడితే పలకరించాల్సి వస్తుందని భయం.

ఫిబ్రవరిలో ఒకరోజు మధ్యాహ్నం, అరువు తెచ్చుకున్న డ్రిల్లు తిరిగిచ్చేద్దామని ఆర్వో పైకెళ్ళాడు.

"ఎవరు కావాలండీ?" అన్నాడు తపానీ తలుపు సందులోంచి.

"నువ్వే. నీ డ్రిల్లు."

"ముందుగా చెప్పి వచ్చారా?"

"ఇది నెత్తిన పెట్టి మరీ చెప్తా. జరుగు."

బల్ల మీద కంప్యూటర్లో ఒకావిడ మాట్లాడుతోంది. తపానీ పై అధికారి, రీట్టా.

"వచ్చే సోమవారంనించి రోజూ ఎనిమిదింటికి మీటింగు. అందరూ ఉండాలి."

"నాకు కుదరదు," అన్నాడు తపానీ. "ఆ టైముకి నేను దార్లో ఉంటాను."

"ఎక్కడికెళ్ళే దార్లో?"

"ఆఫీసుకొచ్చే దార్లో."

"తపానీ, నీ ఆఫీసు నీ వంటిల్లు. నీ వెనకాల నాకు సూపు గిన్నె కనబడుతోంది."

"అది క్యాంటీనువాళ్ళది."

రీట్టా నవ్వలేదు. "సోమవారం ఎనిమిదింటికి నీ మొహం నాకు కనబడకపోతే ఈ పని ఇంకొకళ్ళకిస్తాను. ఆ తర్వాత నీ ఇష్టం, ఏ దార్లో కావాలంటే ఆ దార్లో ఉండు," అని తెర ఆపేసింది.

"ఒప్పుకోవయ్యా!" అన్నాడు ఆర్వో. "మీటింగు అయ్యాక నడువు. కాళ్ళు నీవి, రోడ్డు మునిసిపాలిటీది, అడ్డేముంది?"

"ఆఫీసుకి ఆలస్యంగా వెళ్తే ఏం బావుంటుంది?" అన్నాడు తపానీ. అన్నాడు గానీ, సూపు తిప్పే గరిటెతో కాఫీ కలుపుకున్నాడు.

ఆ సాయంత్రం సైమి మెట్ల మీద ఆర్వోని పట్టుకుంది. మోచేతులకింకా పిండి అంటుకునే ఉంది.

"ఒకపక్క ఆయన మళ్ళీ కుర్చీలోంచి పడతాడేమోనని భయం, ఇంకోపక్క ఆ కుర్చీయే ఊడుతుందేమోనని భయం. నేనడిగితే 'పక్క సెక్షనువాళ్ళకి చెప్పకూడదు' అంటాడు. నువ్వడుగు ఆర్వో."

"నేనా? అడగడమా?"

"మీ మగాళ్ళు నోరు విప్పేది సౌనాలోనే కదా. శనివారం మీ ఇద్దరి వంతు వస్తోంది. అక్కడడుగు."

భవనం అడుగున అందరికీ కలిపి ఒకటే ఆవిరిగది, వంతులవారీగా వాడుకోవాలి. శనివారం ఇద్దరూ పై బల్ల మీద కూర్చున్నారు. ఆర్వో వేడి రాళ్ళ మీద నీళ్ళు పోశాడు. బుస్సుమంది. ఇంకో చెంబు పోశాడు. చెవులు కాలుతున్నాయి. ఇంకో చెంబు.

"చంపేస్తావా ఏంటి?" అన్నాడు తపానీ.

"చెప్పేదాకా పోస్తా. ఏంటయ్యా ఈ ఆఫీసు పిచ్చి?"

తపానీ మొహం మీది చెమట తుడుచుకున్నాడు. "సైమికి చెప్పనని ఒట్టేశాను."

"నేను సైమినా?"

"సెల్మా బడిలో చేరిన కొత్తల్లో గేటుదాకా దింపాను. క్లాసులో పిల్లలు 'పాలపాప' అని ఏడిపించారట. ఇంక నాతో రానంది. ఒంటరిగా పంపిస్తే రోజూ పొద్దున్నే కడుపునొప్పి, వాంతి. అమ్మకి చెప్పొద్దని ఏడుపు. ఏం చెయ్యను? 'నాకూ అటువైపే ఆఫీసు పడిందమ్మా, నిన్ను దింపడానికి కాదు, నా దారి అదే' అన్నాను. ఆ రోజునించీ వాంతి లేదు."

"సరే, పొద్దున్న సంగతి అది. సాయంత్రం గంట కొట్టడం దేనికి?"

"పొద్దున వెళ్ళినవాడు సాయంత్రం ఇంటికి రావాలి కదా! పిల్లలకి లెక్క తేడా వస్తే పట్టేస్తారు. క్యాంటీను కూడా అందుకే." వీపు గోక్కున్నాడు. "మొదట్లో అందుకే. తర్వాత నాకూ అలవాటైంది."

"మరి ఉద్యోగం?"

"ఉద్యోగాలు ఇంకా ఉంటాయి," అన్నాడు తపానీ. ఆ గొంతు వింటే అతనికే నమ్మకం లేదని తెలుస్తోంది.

"సోమవారం నేను చూసుకుంటా పిల్లని."

"నువ్వు వెనకాల నడిస్తే కాపలా అని తెలిసిపోతుంది. నీకు అటు ఆఫీసెక్కడుంది?"

ఆర్వో మళ్ళీ చెంబు ముట్టలేదు.

సోమవారం ఆర్వో బడి వీధిలో కంకర చల్లుతున్నాడు. నడిచినచోటే నాలుగుసార్లు నడిచి చల్లాడు. ఎడమవైపు కాలిబాట మీద సెల్మా, కుడివైపు తపానీ, సంచీతో సహా. మీటింగుకి ఇంకా కాస్త వ్యవధి ఉంది గానీ, మనిషి ముందుకే నడుస్తున్నాడు. సగం దారిలో పిల్ల ఆగింది. అటూ ఇటూ చూసి, రోడ్డు దాటి నేరుగా తండ్రి దగ్గరికొచ్చింది.

"నాన్నా, నీకు మీటింగుంది."

"నీకెవరు చెప్పారు?"

"నీ ఆఫీసు గోడకి అవతలే కదా నా మంచం. రీట్టా అరిచింది, విన్నా."

"అబ్బే, నా ఆఫీసు ఇటే కదమ్మా, నేను..."

"నీ ఆఫీసు వంటిల్లు నాన్నా. నేను గంజి తాగే బల్ల మీదే కదా నీ కంప్యూటర్."

తపానీ చేతిలో సంచీ ఊగడం మానేసింది. "ఎప్పట్నుంచి తెలుసు?"

"మొదట్నించీ."

"మరి చెప్పలేదేం?"

"డాక్టరు నిన్ను నడవమంది. నువ్వేమో ఒక్కడివీ నడవవు. భయమేమో అనుకున్నా. నేనుంటే నడుస్తున్నావు కదా అని ఊరుకున్నా."

ఆర్వో చేతిలో పార జారి కాలి మీద పడింది. అరవలేదు.

"మరి నీ కడుపునొప్పి?" అన్నాడు తపానీ.

"అది క్రిస్మస్‌కి ముందే పోయింది. నీ కోసమే మెల్లిగా నడుస్తున్నా. దానివల్ల నాకు రోజూ లేటు." సెల్మా సంచీ భుజానికి సర్దుకుంది. "నేనింక ఒక్కదాన్నే పోతా. నువ్వు ఇంటి నుంచే పని చేసుకో."

రెండడుగులు వేసి, ఆర్వో వైపు తిరిగింది.

"ఆర్వో మామా, రేపట్నుంచి నాన్న నీ వంతు."

"నా మోకాళ్ళు చూశావా తల్లీ?"

"నువ్వూ ఒక్కడివే కదా. ఇద్దరూ కలిసి మెల్లిగా నడవండి. ఇప్పుడు మాత్రం గబగబా తీసుకెళ్ళు. రోడ్డు దాటేటప్పుడు చెయ్యి పట్టుకో, నాన్న అటూ ఇటూ చూడడు!"

పిల్ల పరిగెత్తుకుంటూ బడి మలుపు తిరిగిపోయింది. ఆర్వో పార మంచులో గుచ్చి, తపానీ మోచెయ్యి పట్టుకున్నాడు. ఇన్నేళ్ళుగా ఒకే మెట్లెక్కి దిగుతున్న ఇద్దరు మగాళ్ళు ఒకరినొకరు ముట్టుకోవడం అదే మొదలు. ఒకడు మోకాళ్ళు తిట్టుకుంటూ, ఇంకొకడు ముక్కు తుడుచుకుంటూ, వీధంతా కిటికీల్లోంచి చూస్తుండగా ఇల్లు చేరారు.

సరిగ్గా ఎనిమిదింటికి తపానీ టోపీ అయినా తియ్యకుండా తెర ముందు కూర్చున్నాడు. వెనకాల పొయ్యికి ఆనుకుని, వగరుస్తూ ఆర్వో.

"వచ్చావన్నమాట," అంది రీట్టా. తర్వాత కళ్ళు చిన్నవి చేసుకుని తెరలోకి చూసింది. "నీ వెనకాల ఆయనెవరు?"

తపానీ వెనక్కి తిరిగి చూశాడు.

"నన్ను ఆఫీసులో దింపడానికి వచ్చాడు," అన్నాడు.