మోకాలికి రాసిన తైలం

శ్రీకాకుళంలో ఎముకల డాక్టరు గది బయట బల్ల మీద కూర్చుని ఉన్నాను. పక్కన ఒక ముసలామె చీర కాస్త పైకి తీసి మోకాలికి తైలం రాసుకుంటోంది. కర్పూరమూ వామూ కలిపి నూరినట్టుండే ఆ ఘాటు తగలగానే ముఖం పక్కకు తిప్పుకున్నాను. "ఈ వాసన పడదేటి బాబూ?" అని అడిగింది. పడదమ్మా అన్నాను. పడకపోవడం కాదు. ఒకప్పుడు కొన్ని నెలలపాటు ఆ వాసన నిండిన బడిలో నేను పాఠాలు చెప్పాను. ఆ వాసన ఆ బడిలోకి రావడానికి కారణం కూడా నేనే.

మా ఊరు కోటబొమ్మాళికి నాలుగు మైళ్ళు. అక్కడి మిషను బడికి దీనమ్మగారు పెద్ద టీచరు. నేను ఆమె దగ్గరే అక్షరాలు దిద్దుకుని, ట్రైనింగు పూర్తి చేసి, అరవైల చివర అదే బడికి రెండో టీచరుగా వచ్చాను. ఆమెకు పెళ్ళి కాలేదు. చర్చి పక్కన ఒంటిగదిలో ఉండేవారు. ఎండు చేపల పులుసంటే ప్రాణం. బడిలో అచ్చు పుస్తకంలా మాట్లాడేవారు, గుమ్మం దాటితే మా యాసే. పిల్లల ముందు నన్ను "మేస్టారూ" అనేవారు, వాళ్ళు వెళ్ళిపోయాక "ఒరే అప్పన్నా" అనేవారు. ఆ రెండో పిలుపే నాకు ఇష్టంగా ఉండేది.

ఆమె భూగోళం చెప్పే పద్ధతి వేరు. గోడ మీది పటం ఎవరికీ అందదని, బడి నేల మీద ముగ్గుపిండితో జిల్లా అంతా గీసేవారు. పిల్లలు దాని చుట్టూ గొంతుక్కూర్చోవాలి. అప్పట్లో బొబ్బిలీ మా జిల్లాలోదే. నా చిన్నప్పుడు ఒకసారి అది ఎక్కడుందో చూపించమన్నారు. నాకు తెలియదు. తెలియదనడం ఇష్టం లేక ఆ చుట్టుపక్కల అరచెయ్యి మొత్తం పరిచేశాను. ఆమె గొడుగు కొసతో నా చేతిని ఎత్తి, "అరచెయ్యి పెడితే అన్ని ఊళ్ళూ దాని కిందే ఉంటాయి. వేలు పెట్టు. తప్పయితే తప్పని తెలుస్తుంది, దిద్దుకోవచ్చు" అన్నారు. ఈ మాటను తర్వాత నేనూ ఎన్నో తరగతులకు చెప్పాను. చెప్పడం తేలికే.

ఆ ఏడు వానాకాలం మొదట్లో ఆమె నేల మీంచి లేవడానికి గోడ పట్టుకోవడం చూశాను. ఒక సంతరోజు పొద్దున్న గుమ్మం దగ్గరికి పిలిచారు. "ఒరే అప్పన్నా, సంతకెల్తన్నావు కదా, డాక్టరుగారికి సెప్పి మందట్టుకురా. నానెల్దునుగాని బండి కుదుపు ఓర్సుకోలేను. బడికి ఇన్‌స్పెక్టరు కూడా వస్తాడంతన్నారు. ఎడమ గజ్జల్లో నొప్పని సెప్పు. ఇదిగో, ఇక్కడ" అంటూ చీర మీంచే తొడ మొదట్లో వేలు పెట్టి చూపించారు. "తుంటిలో మొదలై ఇక్కడికొచ్చి ఆగతాది. రాత్రుళ్ళు నిద్దరట్టదు. సాయంత్రమైతే ఒల్లు యెచ్చబడతన్నాది. అన్నీ సెప్పాల." నేను నేల చూపులు చూశాను. "సిగ్గేటిరా? కాలూ సెయ్యీ లాగే అదీ ఒకటి" అని నవ్వారు.

కోటబొమ్మాళిలో డాక్టరుగారి అరుగు మీద సంతకొచ్చిన జనం కిక్కిరిసి ఉన్నారు. అందులో మా అక్క మొగుడు సూరిబావ. అతని నోటికి ఊరంతా జంకేది. "ఏటిరా మేస్టారూ, నీకేటొచ్చినాది రోగం?" అన్నాడు. నాక్కాదు బావా, టీచరమ్మగారికి అన్నాను. "ఓలమ్మో! టీచరమ్మకి మందు నువ్వట్టుకెల్తన్నావా! ఎక్కడేటి నొప్పి? సూపించినాదేటి?" అరుగంతా నవ్వింది. నా చెవులు కాలిపోయాయి. మా వైపు గజ్జల్లో నొప్పంటే అయితే కాలి పుండు వల్ల గడ్డలా కట్టిన బిళ్ళ అనుకుంటారు, లేదంటే తిరుగుబోతులకు వచ్చే రోగం అనుకుంటారు. పెళ్ళి కాని మనిషి గురించి ఏది అనుకుంటారో నాకు తెలుసు. ఆమె పరువు కాపాడుతున్నాననుకున్నాను. నిజానికి నేను కాపాడుకున్నది నా పరువు.

డాక్టరుగారు "ఎక్కడ?" అనగానే మోకాలండి అన్నాను. ఆయన కలం పక్కన పెట్టి నా ముఖంలోకి చూశారు. "మోకాలేనా? తుంటిలో లోపం ఒక్కోసారి మోకాల్లో తెలుస్తుంది. గజ్జల్లోకి గానీ లాగుతోందా? అలా అయితే సంగతి వేరు. బిళ్ళ కావచ్చు, పేగు జారి ఉండొచ్చు, మూత్రంలో రాయి కావచ్చు, తుంటి కీలే పాడవుతూ ఉండొచ్చు. అప్పుడు తైలం పనికిరాదు. మనిషిని నేను చూడాలి, ఎక్స్‌రే తీయించాలి. సాయంత్రాలు జ్వరం వస్తోందా?" అని అడిగారు. నాకు తలుపులన్నీ తీసి పెట్టినట్టే. వెనక సూరిబావ మెడ చాచి వింటున్నాడు. "లేదండి. మోకాలే" అన్నాను.

డాక్టరుగారిచ్చిన తైలం సీసా చేతికిస్తే దీనమ్మగారు తిప్పి చూశారు. "మోకాలికి రాసుకోమన్నాడేటి?" "నరం అక్కణ్ణుంచే వస్తాదటమ్మా" అన్నాను. అంత తొందరగా అంత నున్నటి అబద్ధం నా నోట ఎలా వచ్చిందో ఇప్పటికీ తెలీదు. "సదువుకున్నాయన, తెలీకుండా సెప్తాడేటి" అని ఆ పూటే రాసుకున్నారు. ఆమె నమ్మింది డాక్టరును కాదు, కబురు తెచ్చిన నన్ను.

రోజూ బడికి వచ్చే ముందు తైలం రాసుకునేవారు. పిల్లలు ముక్కులు మూసుకుని కిచకిచమనేవారు. నాట్లు అయ్యాయి, పంట కోతకొచ్చింది, ఆమె నడక ఒక పక్కకు ఒరిగిపోయింది. మనిషి చిక్కిపోయారు. సీసా అయిపోతే ఇంకొకటి నేనే తెచ్చాను, ఈసారి డాక్టరు దాకా వెళ్ళకుండా మందుల కొట్లో కొని. రేపు చెబుదాం అని ప్రతిరోజూ అనుకున్నాను. కోతల రోజుల్లో ఒక ఉదయం పటం గీస్తూ గీస్తూ దాని మీదే కూలబడిపోయారు. లేపబోతే కేక పెట్టారు. చీరంతా ముగ్గుపిండి. మిషనువాళ్ళు వచ్చి రైల్లో విశాఖపట్నం పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు.

తుంటి కీలుకి క్షయ అన్నారు. ముందే వస్తే ఇంజెక్షన్లతో కీలు దక్కేదని, ఇప్పుడు జబ్బు తగ్గినా కాలు బిగుసుకుపోతుందని అక్కడి డాక్టరు చెప్పాడట. నేను వెళ్ళేసరికి రొమ్ము కింది నుంచి పాదం దాకా పిండికట్టు వేసి పడుకోబెట్టారు. నిలబడే చెప్పాను, డాక్టరు అడిగారని, నేను మోకాలన్నానని. ఆమె "అరుగు మీద ఎవులున్నారు?" అన్నారు.

"సూరిబావ."

"ఆడు నవ్వుతాడనా?"

"అవునమ్మా."

పైకప్పు వంక చూశారు. కళ్ళ పక్క నుంచి తడి చెవిలోకి జారింది, తుడుచుకోలేదు. "నవ్వితే ఏటయ్యేది అప్పన్నా?" అన్నారు. కోపంగా కాదు, తరగతిలో జవాబు కోసం ఆగినట్టు ఆగారు. చివరికి, "ఎల్లు. రైలు తప్పిపోద్ది" అన్నారు.

ఆమె మళ్ళీ బడికి రాలేదు. పొట్టిపడిన కాలితో బొబ్బిలిలో చెల్లెలి ఇంటికి చేరారు. ఆమె కుర్చీ నాకిచ్చారు, కూర్చున్నాను. బొబ్బిలి ఒక్క పూట ప్రయాణం. అయినా ఒక్కసారి కూడా వెళ్ళలేదు. ముగ్గుపిండి పటం మీద ఏ పిల్లవాడైనా ఆ ఊరి మీద వేలు పెడితే "సరే, తర్వాత" అని కళ్ళు తిప్పుకునేవాణ్ణి. కొన్నేళ్ళకు చర్చివాళ్ళు ఆమె పోయినట్టు కబురు చెప్పారు.

ఇప్పుడు నా ఎడమ కాలూ నడకలో ఒరుగుతోంది. గది గుమ్మంలోంచి నర్సమ్మ చీటీ పట్టుకుని, బల్ల మీదివాళ్ళందరికీ వినబడేలా "నొప్పెక్కడ తాతా?" అని అరిచింది. లేచి నిలబడ్డాను. పంచె మీంచే తొడ మొదట్లో వేలు పెట్టాను. "గజ్జల్లోనమ్మా. ఎడమ పక్క. రాత్రుళ్ళు నిద్ర పట్టదు" అన్నాను. ఎవరూ నవ్వలేదు. ఎవరూ తలెత్తను కూడా లేదు. ముసలామె సీసా మూత బిగించుకుంటోంది. మాట ఇంతే. ఇంత చిన్నది. వేలు అక్కణ్ణుంచి తియ్యకుండానే లోపలికి నడిచాను.