అరవై మూడు ఇళ్ళ పటం

ప్రిమితివా గీసిన పటానికి సమర్ దీవి తీరంలోని ఆ జాలరిపేటలో తిరుగులేదు. చిన్నా పెద్దా అందరికీ ఆమె మనాంగ్, పెద్దక్క. ఆరోగ్య కార్యకర్తగా ఇరవై రెండేళ్ళు, ఏటా జనవరిలో పేట పటం కొత్తగా గీసి ఆరోగ్యకేంద్రం గోడకు అంటించేది. స్కేలుపెట్టి దారులు, నీలిరంగుతో కాలువ, ఇంటికో చదరం, పక్కన నంబరు, యజమాని పేరు. గర్భిణి ఉంటే ఎర్రచుక్క. ఆఖరికి పందుల దొడ్లు కూడా వదిలేది కాదు, అంత చాదస్తం మనిషి.

తన ఇల్లు మాత్రం వేసేది కాదు. భర్త బతికుండగా "మనం ఈ ఊళ్ళో లేమా ఏంటి?" అని ఒకసారి దెప్పాడు. "మన ఇంటికి దారి నాకు తెలీదా? పటం తెలియనివాళ్ళకి" అని నవ్వేసింది. ఆయన పోయాక అలా దెప్పేవాళ్ళూ లేకపోయారు. మడచెట్ల అవతల చివరాఖరి ఇంట్లో ఒక్కతే ఉండేది. సాయంత్రమైతే రేడియోతో తగువులాడేది.

తుఫాను వచ్చిన రోజు మోకాలు వాచి ఆమె అడుగు తీసి అడుగు వేయలేకపోయింది. నీళ్ళు గడప దాటి, గంటలో నడుం దాకా వచ్చాయి. బల్లెక్కి కూర్చుంది. కిటికీలోంచి సహాయదళం పడవ కనబడింది. ముందున్నవాడి చేతిలో, ప్లాస్టిక్ కవరులో, ఆమె గీసిన పటమే. వాళ్ళు పక్కనున్న బెర్తింగ్ కుటుంబాన్ని ఎక్కించుకుని, కాగితం ఒకసారి చూసుకుని, పడవ వెనక్కి తిప్పేశారు. ఆమె గొంతు చించుకుని అరిచినా గాలిలో ఎవరికీ వినబడలేదు. అప్పుడేసింది ఆమెకు అసలు భయం.

చివరికి ఆమెను కాపాడింది పక్కింటి పంది. దాన్ని తోలుకుపోదామని బెర్తింగ్ ఎవరిదో తెప్పలో వెనక్కొచ్చాడు.

"మనాంగ్, నువ్వింకా ఇక్కడేంటి? అందరూ వచ్చేశారన్నారే."

"నువ్వెందుకొచ్చావురా?"

వాడు తల గోక్కున్నాడు. "పంది..."

పందినీ ఆమెనూ ఒకే తెప్పలో, అందరూ తలదాచుకున్న బడికి చేర్చాడు. గుమ్మం దగ్గర దళం కుర్రాడు పటం పరుచుకుని టిక్కులు పెడుతున్నాడు.

"ఎవరు గీశారో గానీ చెయ్యెత్తి మొక్కాలమ్మా. అరవై మూడు ఇళ్ళు, ఒక్కటీ తప్పిపోలేదు. మీది ఏ నంబరు?"

"నాకు నంబరు లేదు బాబూ. నంబర్లు వేసింది నేనే."

కుర్రాడు పటం వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు, పెన్ను పక్కన పెట్టేశాడు. ఆమె గోడకు చేరబడి కూర్చుంది. తప్పు తనదే, కాదనలేదు. కానీ ఇరవై రెండేళ్ళుగా ఆ పటం ముందు నిలబడి ఎవరి ఇల్లు వాళ్ళు వెతుక్కున్న పేటంతటిలో, "మనాంగ్, నీ ఇల్లేదీ?" అని ఒక్కరంటే ఒక్కరు అడగలేదు.